తల్లుల మార్కులు

కార్డులో పేరుకు ముందు డాక్టర్ అని పెట్టవచ్చా అని అడగడానికి ఆమె చెల్లెలు ఫోను చేసింది. మంగళవారం పొద్దున, పాలవాడు వచ్చి వెళ్ళిన తరువాత.

“ఏ కార్డమ్మా?” అన్నాను.

“దశదిన కర్మ కార్డు మేడం. దిల్‌సుఖ్‌నగర్‌ల అచ్చుకియ్యాలె. అక్క స్టూడెంట్లు డాక్టర్ అని పెట్టాలె అంటున్నరు. అక్క థీసిస్‌కు మీరు లెక్కలు చేసిన్రు గద, మీకెరుకుంటదని అడుగుతున్న.”

మనిషి పోయిన సంగతే నాకు తెలియదు. శనివారం నిద్రలో పోయిందట. ఎవరో ఒకరు చెప్పే ఉంటారని అందరూ అనుకున్నారు, అలా నా వంతు తప్పిపోయింది. అయినా అడిగిన ప్రశ్నకు ముందు జవాబు చెప్పడం నాకు అలవాటు. “ఆమెకు డాక్టరేట్ రాలేదమ్మా. పెట్టకూడదు,” అన్నాను. ఫోను పెట్టేశాక కుర్చీలో కూర్చున్నాను. పాలు పొంగి స్టవ్వు మీద పడిన వాసన వచ్చేదాకా లేవలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. తన పరిశోధన కాగితాల్లో బడిపిల్లల పేర్లు ఆమె ఎక్కడా రాసేది కాదు. పేరు రాస్తే రేపు ఎవరో ఒకరు ఆ పిల్లనే చూపించి మొద్దు అంటారు అనేది. ఆ నియమం ఆమెకూ వర్తించనీ.

ఆమెను తలచుకుంటే నాకు ముందు కనిపించేది ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడే తీరు. చీరల షాపువాళ్ళు ఇచ్చిన గుడ్డ సంచి ఎడమ చంకలో ఉండేది. కళ్ళజోడు కొంగుతో తుడిచి నెత్తి మీదికి నెట్టుకుని, కాసేపటికి దానికోసం సంచిలో వెతుక్కునేది. బస్సు వచ్చేది, నిండా జనంతో. ఎక్కుదామంటే, “ఆగుండ్రి అక్క, ఇంకోటి వస్తది,” అనేది. ఇంకోటీ నిండుగానే వచ్చేది. “ఆగుండ్రి.” నేను చిరాకు పడేదాన్ని. నేను గడియారం చూసుకుని బతికిన మనిషిని. ఆమె లెక్కలో ఆలస్యం అనేది లేదు, వచ్చేవి, రానివి అని రెండే రకాలు. రాని వాటిని కూడా ఇంకా రానివి అనే అనుకునేది.

మా ఇంటికి ఆమె మొదటిసారి వచ్చింది, కేంద్రం డిసెంబరులో తెలంగాణ ప్రకటన చేసి ఆ నెల తిరగకుండానే వెనక్కి తగ్గిన తరువాతి వేసవిలో. నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరై వనస్థలిపురంలో ఉంటున్నాను. మాది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో థీసిస్‌లు బైండింగు చేసే షాపతను, లెక్కలు సరిచూసే ముసలావిడ ఒకరున్నారని నా చిరునామా ఇస్తూ ఉండేవాడు. అలా వచ్చేవాళ్ళు ఎక్కువగా కుర్రవాళ్ళు. ఈమెకు అప్పటికే యాభై దాటాయి. నల్గొండ పల్లె నుంచి వచ్చి సైదాబాద్‌లో తల్లితో పాటు కిరాయి ఇంట్లో ఉండేది. ఒక బీఎడ్ కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేది. డాక్టరేట్ తెచ్చుకుంటే పర్మనెంటు చేస్తామని ఆ కాలేజీవాళ్ళు మాట ఇచ్చారు. పెళ్ళి లేదు, వెనక ఏమీ లేదు. ఆ పర్మనెంటు మీదే ముసలితనం ఆధారపడి ఉంది.

చెప్పులు గేటు బయటే విప్పింది. టీ సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగింది. గోడల వైపు ఒకసారి చూసి, “మీరు ఎటు సైడు అక్క?” అంది.

“తెనాలి.”

“మంచిగయింది. మా సైడోళ్ళతోని చేయిస్తే మీకు మీరే రాసుకున్నరు అంటరు. మీతోని చేయిస్తే ఇగ ఎవలేమంటరు?”

“ఎవరు చేసినా కూడిక కూడికేనమ్మా.”

“గదే గద నాకు గావాల్సింది. గని గీ కూడికల మా పిల్లలు ఎందుకు తక్కువొస్తున్నరో జర చూడుండ్రి.”

ఆమె పని ఇది. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలకు అప్పట్లో కొన్ని బడుల్లో బొమ్మల పరీక్ష పెట్టేవారు. బొమ్మ చూపించి ఇదేమిటి అని అడుగుతారు. పిల్ల చెప్పింది పుస్తకంలో ఉన్న జవాబుతో కలిస్తే ఒక మార్కు, లేకపోతే సున్న. చొక్కా బొమ్మను అంగి అన్న పిల్లకు సున్న. గరిటెను గంటె అన్న పిల్లకు సున్న. సున్నలు ఎక్కువైనవాళ్ళను వేరే వరసలో కూర్చోబెట్టేవారు. అక్కడ కూర్చున్న పిల్ల ముందు వరసకు రావడం అరుదు. ఈమె ఏం చేసేదంటే, బడిలో పిల్ల చెప్పిన జవాబు రాసుకుని, సాయంత్రం ఆ పిల్ల వెంట ఇంటికి పోయి, మీ పిల్ల చెప్పింది సరైనదేనా అని తల్లిని అడిగేది. తల్లి ఔనంటే పక్క కాలమ్‌లో ఒక మార్కు. మొదటిది బడి మార్కు, రెండోది తల్లి మార్కు. ఆ రెంటి మధ్య తేడాయే ఆమె థీసిస్.

నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు. పెన్సిలుతో రాయాలని, కొట్టివేతలు ఉండకూడదని, అంకెలు ఎలా సేకరిస్తోందో కళ్ళారా చూడనిదే లెక్క మొదలుపెట్టనని చెప్పాను.

చూడడానికి వెళ్ళాం. ఎల్‌బీ నగర్ దాటాక రింగురోడ్డు పక్కన అపార్టుమెంట్లు కడుతున్నారు, వాటి వెనక రేకుల గుడిసెలు. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన లంబాడీ కుటుంబం. ఆ పిల్ల బడిలో రొట్టె బొమ్మ చూసి బాటి అంది. వాళ్ళ భాషలో రొట్టెను అలాగే అంటారు. తల్లి అప్పుడే ఇటుకల పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఈమె కార్డు చూపించింది.

“మీ బిడ్డ దీన్ని బాటి అన్నదమ్మ. కరెక్టేనా?”

ఆ తల్లి బొమ్మను చూసింది. ఈమె కళ్ళజోడును, సంచిని, నా చేతిలో ఉన్న రాత అట్టను చూసింది.

“తప్పు మేడం,” అంది. “రొట్టె అనాలె. చిన్నది మేడం, దానికి ఎరుకలేదు. నేను నేర్పిస్త. బడిల పేరు తీసెయ్యకుండ్రి.”

పిల్ల తల్లి కొంగు పట్టుకుని నేల చూస్తోంది. ఈమె కార్డు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. తరువాత నా వైపు తిరిగింది.

“నువ్వు పెట్టుకున్న నియమమే కదా,” అన్నాను. “తల్లి తప్పంటే తప్పు.”

ఆమె సున్న వేసింది.

చౌరస్తాకు వచ్చాం. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. చివరికి అంది, “నేను గుడ బడి లెక్కనే పోతున్న అక్క ఆళ్ళ ఇండ్లకు. సంచేసుకోని, కార్డు వట్టుకోని. గా తల్లి నాకు జవాబు చెప్పలే. పరీక్ష రాసింది.”

“అయితే ఏం చేస్తావు?”

“ఇగ అడగను.”

“అడగకపోతే నీకెలా తెలుస్తుంది?”

“ఆగుత. వస్తది.”

అప్పటినుంచి కార్డులు ఇళ్ళకు తీసుకుపోలేదు. ఇంటికి పోతే ముందు మంచినీళ్ళు అడిగేది. సీసా వెంట తెచ్చుకోకపోవడం అందుకేనట, నీళ్ళిచ్చిన ఇంట్లో కూర్చోవడానికి వీలుంటుంది. గడప మీదో చాప మీదో కూర్చుని, వాళ్ళు చిక్కుడుకాయలు తుంచుతుంటే తనూ తుంచేది. పిల్ల గురించి ఒక్క ప్రశ్న వేసేది కాదు. కిరాయిలు, మోకాళ్ళు, నల్లా నీళ్ళు, ఊళ్ళో వానలు. ఆ మాటల్లో ఎక్కడో ఆ తల్లి తన పనిలో తానుండి, ‘గా గంటె ఇటియ్యి’ అనేది. అప్పుడు ఈమె తన ఇంటికి పోయి తల్లి మార్కు వేసుకునేది. మాట రాకపోతే మళ్ళీ పోయేది.

నేనొక సంగతి చెప్పాల్సి వచ్చింది. అడిగి రాబట్టిన మార్కులు, అడగకుండా వచ్చిన మార్కులు కలిపి కూడడం కుదరదు. అప్పటిదాకా చేసినదంతా పక్కన పెట్టాలి, బొమ్మల పరీక్ష మళ్ళీ జూన్‌లోనే కాబట్టి కొత్త ఒకటో తరగతి కోసం ఆగాలి. ఆమె వాదిస్తుందనుకున్నాను. ఆ కట్టకు రబ్బరు బ్యాండు వేసి నా బల్ల మీద పెట్టింది. “ఇవి మీ తాననే ఉండనియ్యుండ్రి అక్క. మా ఇంట్ల ఉంటే మనసు పడ్తది.” యూనివర్సిటీ ఇచ్చిన గడువులో ఒక సంవత్సరం అలా పోయింది.

లెక్కలోంచి తీసేసిన ఆ లంబాడీ ఇంటికి పోవడం మాత్రం మానలేదు. ఒకరోజు నవ్వుకుంటూ వచ్చింది.

“మొన్న పోతే, బాటి తింటరా మేడం, ఇప్పుడే జేసిన అన్నది అక్క. తిన్న. లెక్కకు రాదు గద?”

“రాదు.”

“గందుకే ఇంకోటి గుడ తిన్న.”

ఆమె గైడు చెడ్డవాడు కాడు, తొందర మనిషి. ఈ కొత్త పద్ధతి విని ఆయన అన్న మాటను ఆమె ఆయన గొంతుతోనే నాకు వినిపించింది. “ఒక ఇంట్లో పావుగంట, ఒక ఇంట్లో మూడు రోజులు! ఇది పరిశోధన కాదమ్మా, చుట్టరికం.” చెప్పి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “చుట్టరికమే గద అక్క.”

“నవ్వకు. ఆయన అడగాల్సిందే అడిగాడు,” అన్నాను. ఒక్కో ఇంట్లో ఎంతసేపు కూర్చుందో కూడా రాయించి, దానికో పట్టిక వేయించాను. ఆయన ఆ పట్టిక మెచ్చుకుని, తల్లుల కాలమ్ తీసేయమనే చెప్పాడు. చదువురాని తల్లి ఔనన్నదానికి ప్రామాణికత ఏమిటని ఆయన ప్రశ్న.

లెక్కలు తేలినప్పుడు నేను మళ్ళీ కూడి చూసుకున్నాను. నల్గొండ పిల్లలు, లంబాడీ పిల్లలు, సైదాబాద్ వైపు ఉర్దూ మాట్లాడే ఇళ్ళ పిల్లలు, అపార్టుమెంట్ల పనికి శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీల పిల్లలు. బడి మార్కుల్లో నాలుగు గుంపులూ ఒకదాని కింద ఒకటి నాలుగు మెట్ల మీద ఉన్నాయి. తల్లుల మార్కుల్లో దాదాపు ఒకే ఎత్తులో నిలబడ్డాయి. అందులో ఒక బొమ్మ ఆమెకు మరీ ఇష్టం. పుస్తకంలో జవాబు సొరకాయ. నల్గొండ పిల్ల ఆనిగెపుకాయ అంది. శ్రీకాకుళం పిల్ల ఆనపకాయ అంది. రెండు కొసల్లోని పిల్లలూ ఇంచుమించు ఒకే మాట చెప్పి, ఒకే సున్న తెచ్చుకున్నారు.

ఈలోగా రోడ్లన్నీ ఉద్యమంతో నిండిపోయాయి. బందులు, ర్యాలీలు, ఆ తరువాత సకల జనుల సమ్మె. ఆమె అన్నిటిలో ఉండేది. పొద్దున ఊరేగింపులో నడిచి, గొంతు పోయి, మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి సైగలతో అంకెలు చెప్పేది. మా కాలనీలో భీమవరం ఆవిడ ఒకరు ఉండేవారు. “జెండా పట్టుకుని తిరిగే ఆవిడ మీ ఇంట్లో ఏం చేస్తారండీ?” అని ఒకరోజు గోడ మీంచి అడిగారు.

“కూడికలండీ,” అన్నాను.

“మమ్మల్ని పంపించెయ్యడానికా?”

“అది తీసివేతండీ. ఇంకా అక్కడిదాకా రాలేదు.”

ఆవిడ నవ్వలేదు. తరువాత కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

సమ్మె నడుస్తున్న రోజుల్లో ఎల్‌బీ నగర్‌లో హైవే మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే కూర్చుని తినే నిరసన అది. టీచర్ల నాయకుడొకాయన ఆమెను మాట్లాడమన్నాడు. మన పిల్లలకు సున్నలేసిన్రని లెక్కతో సహా చెప్పాలన్నాడు. ఆమె సంతోషంగా ఒప్పుకుని నా చేత పెద్ద చార్టు రాయించింది. మడత పడకూడదని దాన్ని నేనే పట్టుకెళ్ళాను.

నాయకుడు చార్టు చూశాడు. “మంచిగున్నది మేడం. గని గీ శ్రీకాకుళపోళ్ళ కాలమ్ ఇయ్యాల్టికి తీసేద్దం. మిగతాయి గుడ పబ్లిక్‌కు సమజ్ కావు. మనది మనం చూపెడ్దం.”

“మనదంటే ఏది?” అంది ఆమె.

ఆయన వేలు పెట్టి మొదటి కాలమ్, నల్గొండ పిల్లలది, చూపించాడు. ఆమె చార్టును చుట్టి నాకు తిరిగి ఇచ్చింది.

మైకు దగ్గర నిలబడి సంచిలోంచి ఒక కార్డు తీసింది. ముందు వరసలో ఆడవాళ్ళు కూరగాయలు తరుగుతున్నారు. కార్డు ఎత్తి పట్టుకుని, “ఇదేంది?” అంది.

“ఆనిగెపుకాయ,” అన్నారు వాళ్ళు, ఇదొక ప్రశ్నా అన్నట్టు.

“గిదే మాట మా ఊరి పిల్ల బడిల చెప్పింది. సున్నేసిన్రు.”

చప్పట్లు, ఈలలు. అవి ఆగేదాకా ఆగింది.

“గా అపార్టుమెంటు చూస్తున్నరు గద. ఆడ ఇటుకలు మోసే శ్రీకాకుళం తల్లి ఉన్నది. ఆమె బిడ్డ గుడ గిదే మాట చెప్పింది. ఆ పిల్లకు గుడ సున్నే ఏసిన్రు.”

ఈసారి చప్పట్లు లేవు. వెనకనుంచి ఒకతను, “మేడం, ఇయ్యాల గా ముచ్చట ఎందుకు?” అన్నాడు.

“మరి ఎన్నడు?” అంది.

వాదనకు అన్నట్టు లేదు. నిజంగానే తారీఖు చెప్పమని అడిగినట్టుంది. అడిగి, జవాబు కోసం నిలబడింది. పిల్లల ముందు నిలబడ్డట్టే నిలబడింది. మైకులో గాలి చప్పుడు తప్ప ఇంకేం లేదు. చివరికి నాయకుడు వచ్చి మైకు మర్యాదగా అందుకుని నినాదం ఎత్తుకున్నాడు. జై తెలంగాణ అని అందరికంటే గట్టిగా అన్నది ఆమే.

తరువాత విస్తళ్ళు వేశారు. వడ్డించే ఆవిడ నా దగ్గర ఆగి, “ఈమె ఎవలు మేడం?” అని పక్కనున్న ఆమెను అడిగింది.

“మా అక్క. తెనాలి. లెక్కలన్నీ ఈమెవే.”

గంటె గాలిలో ఒక్క క్షణం ఆగింది. “తెనాలైతే ఏంది, ఆకలి కాదా. తిను పెద్దమ్మ. పప్పుల ఉప్పు జర తక్కువైంది, ఏమనుకోకు.”

తిని చూసి, నిజంగానే తక్కువైందని చెప్పాను. ఈమెకు నవ్వొచ్చి పొలమారింది.

ఆ తరువాత ఆమెను ఏ సభలోనూ మాట్లాడమనలేదు. ఆమె వెళ్ళడం మానలేదు. వెనక వరసలో కూర్చుని వచ్చేది.

రిజిస్ట్రేషను ఒకసారి పొడిగించారు. అది కూడా ముగియబోతుండగా గైడు పిలిపించి ఖచ్చితంగా చెప్పాడు. తల్లుల కాలమ్ తీసేసి, బడి మార్కులతో ఒక మామూలు పోలిక రాసి ఇస్తే సంతకం పెడతాడు, లేకపోతే గడువు అయిపోతుంది. ఆమె నా దగ్గరికి వచ్చి, “గట్ల ఒకసారి చేసి చూడుండ్రి అక్క,” అంది. చేశాను. పట్టికలు చిన్నవయ్యాయి, శుభ్రంగా వచ్చాయి. ఏ గుంపు పిల్లలు ఎంత వెనకబడ్డారో స్పష్టంగా కనిపిస్తోంది. ఎందుకో మాత్రం అందులో లేదు.

కళ్ళజోడు నెత్తి మీదినుంచి దింపుకుని, పేజీలు తిప్పి చూసింది.

“తప్పు లేదు అక్క మీ లెక్కల.”

“లేదు. ఇచ్చేసెయ్. డాక్టరేట్ తీసుకో, పర్మనెంటు కానీ. తరువాత తల్లుల సంగతి పుస్తకం రాసుకో, ఎవరడ్డొస్తారు?”

“ఇందుల ఏమున్నదక్క? మా పిల్లలు మొద్దులని ఉన్నది. గది నేను చెప్పాల్నా? చెప్పెటోళ్ళు శానమంది ఉన్నరు.”

“నీకు అరవై వచ్చాక ఎవరు పెడతారు?”

ఆమె టీ సాసరులో పోసుకుంది. తాగకుండా చాలాసేపు చూసి, అది చల్లారాక తాగింది. ఆ కాగితాలు నా బల్ల మీద, పాత కట్ట పక్కన పెట్టి పోయింది. గడువు దాటిపోయింది. కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరుగానే మిగిలింది, వాళ్ళు వద్దన్నాక ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకుంది. ఆ థీసిస్ ఆమె ఇచ్చి ఉండాల్సిందని నా అభిప్రాయం. ఇప్పటికీ అదే.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు ఆమె మా ఇంటికి మిఠాయి తెచ్చింది, భీమవరం ఆవిడకు కూడా ఇవ్వమని రెండో పొట్లం ఇచ్చింది. కొంతకాలానికి, బొమ్మల పరీక్షకు కొత్త జవాబులు తయారుచేసే ఒక కమిటీలో ఆమెనూ కూర్చోబెట్టారు. ఆశగా వెళ్ళింది. మొదటి సమావేశం అయిన సాయంత్రం తిన్నగా నా దగ్గరికే వచ్చి, చెప్పులతోనే లోపలికి వచ్చేసింది. అలా ఎన్నడూ చేయలేదు.

“చొక్కా తీసేసి అంగి పెట్టిన్రు అక్క. గరిటె తీసేసి గంటె పెట్టిన్రు. ఒక్క బొమ్మకు రెండు మూడు జవాబులు ఉండనిద్దం అన్న. తండా పిల్లలున్నరు, ఉర్దూ పిల్లలున్నరు, బయట్నుంచి వచ్చిన కూలోళ్ళ పిల్లలున్నరు అన్న. ఒక బొమ్మకు ఒక్కటే జవాబు మేడం, లేకుంటే దిద్దుడు కష్టం అన్నరు. చొక్కా అన్న పిల్లకు ఇగ సున్న.”

మంచినీళ్ళు ఇచ్చాను.

“సున్న ఇల్లు మారింది అక్క. గంతే,” అంది.

రెండో సమావేశానికి వెళ్ళిందా అని నేనడగలేదు. వెళ్ళిందట. రెండు జవాబులు కావాలని అందులోనూ అడిగిందట. ఆ తరువాత పిలవలేదు.

ఆఖరిసారి కలిసింది ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషనులో. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే, లిఫ్టులో పైకి వెళ్ళాం. రైలు వచ్చింది, ఖాళీగా ఉంది. ఆమె కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండగానే తలుపులు మూసుకుని అది వెళ్ళిపోయింది. “దీనికి ఆగుడు రాదక్క,” అంది, ఎవరో పెంకి పిల్ల గురించి చెప్పినట్టు.

బుధవారం సైదాబాద్ వెళ్ళాను. ముందు గదిలో ఆమె స్టూడెంట్లు ఇద్దరు, అంటే ఇప్పుడు వాళ్ళే టీచర్లు, కార్డు మేటర్ ఫోనులో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే ఒకమ్మాయి లేచింది.

“చదివింది గద మేడం, ఇన్నేండ్లు. గౌరవంగ డాక్టర్ అని పెడితే తప్పా?”

“గౌరవంగా పెడతారు. ఆమె వద్దనుకున్నదాన్ని మీరు పెడితే గౌరవం ఎలా అవుతుందమ్మా?”

“మరి ఏం పెట్టాలె? ఉత్త పేరేనా?”

ఆ అక్కాచెల్లెళ్ళ తల్లి మధ్య గదిలో చాప మీద కూర్చుని పుంటికూర ఆకులు తుంచుతోంది. పుంటికూర అంటే మా వైపు గోంగూర. ఎనభై దాటిన మనిషి. కూతురు పోయిన ఇంట్లో చేతులు ఊరికే ఉంచుకోలేక ఎవరినో అడిగి ఆ కట్ట తెప్పించుకుందట. చెల్లెలు గడపలో నిలబడి గట్టిగా అడిగింది.

“అమ్మా, కార్డుల అక్క పేరుకు ముంగట డాక్టర్ అని పెడ్దమా?”

ముసలామె తలెత్తి అందరినీ చూసింది, కళ్ళజోళ్ళను, ఫోన్లను. “మీరు చదువుకున్నోళ్ళు బిడ్డ. మీరేదంటే గదే,” అంది.

ఆ గుడిసె ముందు ‘తప్పు మేడం’ అన్న తల్లి నాకు గుర్తొచ్చింది.

“ఆగండి,” అన్నాను. “ఇంకేం అడగకండి.”

మంచినీళ్ళు కావాలన్నాను. గోడ పట్టుకుని, మోకాళ్ళు తిట్టుకుంటూ, ఆ చాప మీద కూర్చున్నాను. ఒక గుప్పెడు కూర నా వైపు లాక్కున్నాను.

“నువ్వేనా లెక్కల అక్కవు?” అంది ముసలామె.

“నేనేనమ్మా.”

“పప్పుల ఉప్పు తక్కువున్నా చెప్పేస్తవంట గద.”

ఆ తరువాత మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఇంటి ఓనరు గురించి, గ్యాసు బండ తొందరగా అయిపోవడం గురించి. స్టూడెంట్లు ముందు గదిలో అసహనంగా కదులుతున్నారు. ఒకతను లేచి బయటికి పోయి, టీ తాగి మళ్ళీ వచ్చాడు. ఎండ కిటికీ మీంచి కిందికి దిగి, ఆకుల మీదికి వచ్చింది. నాకు నడుము లాగుతోంది. గడియారం చూడాలనిపించింది. చూడలేదు.

“ఎల్లిగడ్డ ఎక్కువెయ్యాలె పుంటికూరల,” అంది ముసలామె, కాడలు పక్కకు నెడుతూ. “మా పంతులమ్మకు గట్లుంటెనే ముద్ద దిగుతుండె.”

ముందు గదిలో కుర్చీ చప్పుడు ఆగింది. ఎవరికమ్మా అని నేను అడగలేదు. ఆమే చెప్పుకుంటూ పోయింది.

“ఊర్ల బడిపిల్లలు అంటుంటె నాకు గుడ గట్లనే అలవాటైంది. పేరు వెట్టి పిలువక ఎన్నేండ్లాయెనో. పంతులమ్మా, అన్నం చల్లగైతుంది, రాయే అంటే, ఆగు అంటుండె.”

సాయంత్రం చెల్లెలితో కలిసి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. ప్రెస్సులో కుర్చీ ఇచ్చారు. కంప్యూటరు దగ్గరతను మేటర్ చదివి మొహమాటంగా చూశాడు.

“పేరుకు ముందు పంతులమ్మ అంటే బాగుండదేమో మేడం. ఉపాధ్యాయురాలు అని పెడదామా? అందరూ అదే పెట్టిస్తరు.”

“వద్దు. వాళ్ళమ్మ చెప్పింది అదే.”

ప్రూఫు తీసి నా చేతికిచ్చాడు. పేరు సరిచూశాను, తారీఖు సరిచూశాను. పంతులమ్మ అన్న మాట పక్కన పెన్సిలుతో ఒక మార్కు వేసి, అచ్చుకిమ్మన్నాను.